లోపమెక్కడ? లినక్సు కంప్యూటరు చికిత్సకొక క్రమము

14 అక్టోబరు 2025 తో విండోస్ 10 కు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచుండిన సాధారణ సంరక్షణ ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11, టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా సాధనము లేని పాత యంత్రములకు తగదని ఆ సంస్థయే నిర్ణయించినది. ఫలితముగా, తెర వెలుగుచు, మీటలు పలుకుచు, పనికి ఏ లోటును లేని కంప్యూటర్లు ఎన్నియో కళాశాలలలో 'పాతవి' అను పట్టికలో చేరినవి. వానిని తూకమునకు అమ్మవలెనా, లేక లినక్సును అమర్చి మరి కొన్ని యేండ్లు వాడుకొనవలెనా అను ప్రశ్న అల్పాదాయముగల ప్రతి విద్యాసంస్థ ముందును ఉన్నది.

లినక్సుకు ధర లేదు. అయినను పాలక వర్గము వారు అడుగు ప్రశ్న న్యాయమైనదే: "చెడినప్పుడు చూచువారెవరు?" మన తీరపు పట్టణములలోని మరమ్మతు దుకాణములలో లినక్సు తెలిసినవారు అరుదు. యంత్రము మొరాయించిన వెంటనే "అంతయు తుడిచి మరల ఎక్కించవలెను" అను మాట వినబడును. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుట వంటిది ఈ చికిత్స. యంత్రము లేచి కూర్చుండును గాని, విద్యార్థి వ్రాసికొన్న వ్యాసములు, లెక్కలు, ఛాయాచిత్రములు బూడిదయగును. చూడవలసినవారు విద్యార్థులే అనియు, చూచుటకు కావలసినది గొప్ప సాంకేతిక విద్య కాక ఒక క్రమము మాత్రమే అనియు చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తెలుగు బోధించు మేము ఈ విషయముపై వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ సంచిక వంటి ద్విభాషా సంచికకు తెలుగును ఉర్దూను ఒకే యంత్రముపై కూర్చువారికి ఈ చిక్కులు నిత్యానుభవములు. పైగా లోపమును వెదకుట మౌలికముగా ఒక పఠన విద్య. తరగతిలో పద్యమును వివరించునప్పుడు మనము మొదట పదచ్ఛేదము చేయుదుము, పిదప ప్రతిపదార్థము, అటుపై అన్వయము, తాత్పర్యము చిట్టచివరిది. తొందరపాటుగల విద్యార్థి పద్యమును సగము చదివి తాత్పర్యము చెప్పబోవును. కంప్యూటరు ముందు కూర్చుండి "వైరస్ వచ్చినది" అనుట కూడ అట్టి తాత్పర్యమే. తెరపై కనబడిన సందేశమును ఎవరును పూర్తిగా చదువరు. చదువక మునుపే మీట నొక్కి మూసివేయుదురు. ఆ సందేశమును అక్షరము పొల్లుపోకుండ కాగితముపై వ్రాసికొనుటయే చికిత్సలో మొదటి మెట్టు.

లక్షణము, కారణము

మన తీరముననే జరిగిన ఒక ఉదంతము ఇచ్చట స్మరింపదగినది. 10 ఆగస్టు 1979 న, నాడు నెల్లూరు జిల్లాలో భాగమైయుండిన శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు తొలిసారిగా ఎగిరినది. ప్రాజెక్టు డైరెక్టరు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు. మొదటి దశ చక్కగా పనిచేసినది; రెండవ దశలో రాకెట్టు అదుపు తప్పి, ప్రయోగము విఫలమై బంగాళాఖాతములో పడినది. చూచిన కంటికి లోపము ఆకాశములో, రెండవ దశ మండుచున్నప్పుడు కలిగినది. విచారణలో తేలినది వేరు. ఎగురుటకు కొద్ది నిమిషములు ముందే, నేలపై ఉండగానే, ఒక చిన్న కవాటము మాలిన్యము వలన సరిగా మూతపడక, నియంత్రణకు కావలసిన నత్రికామ్లము కారిపోయినది. ఆ కారణమును గుర్తించి సరిదిద్దిన పిమ్మట 18 జులై 1980 న అదే జాతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. తొలి వైఫల్యము తరువాత ఆ శాస్త్రజ్ఞులు రాకెట్టు నమూనాను పారవేయలేదు. లోపము కనబడిన చోటు నుండి అది పుట్టిన చోటునకు అడుగడుగున వెనుకకు నడచిరి.

మన బల్లమీది యంత్రమునకును ఇదే న్యాయము వర్తించును. ఒక చిన్న ఉదాహరణము చెప్పెదము. ఏ వెబ్‌సైటును తెరచినను "ఈ అనుసంధానము సురక్షితము కాదు" అను హెచ్చరిక వచ్చుచున్నది. విద్యార్థి ఇంటర్నెట్టును నిందించును. మరొకరు బ్రౌజరును తీసివేసి మరల అమర్చుదురు. తెర మూలనున్న తేదీని చూచినచో అది ఎన్నో యేండ్లు వెనుకకు పోయియుండును. సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రములకు ఆరంభ తేదీయు, గడువు తేదీయు ఉండును. యంత్రము తానింకను పాత కాలములో ఉన్నాననుకొని, నేటి పత్రమును చెల్లనిదిగా ఎంచుచున్నది. తేదీ ఎందులకు వెనుకకు పోయినది? మదర్‌బోర్డుపైని నాణెము వంటి బ్యాటరీ ఉడిగిపోయినది. సి.ఆర్. 2032 అను మూడు వోల్టుల బిళ్ళ అది. విద్యుత్తు లేనప్పుడు గడియారమును నడిపించునది అదియే. నెట్‌వర్కు నుండి సరియైన సమయమును తెచ్చుకొను ఏర్పాటు పనిచేయు చోట ఈ లోపము కొంత సేపటిలో తానే మరుగుపడును. అది పనిచేయని చోట ప్రతి ఉదయమును వేధించును. ఇంటర్నెట్టులో కనబడిన రోగమునకు మందు ఒక చిన్న బిళ్ళలో ఉన్నది.

ఐదు అంతస్తులు

కంప్యూటరును ఐదంతస్తుల మేడగా భావింపుడు. నేలమీది అంతస్తు విద్యుత్తు, తీగలు. రెండవది మెమరీ, డిస్కు మొదలగు భాగములు. మూడవది కెర్నెలు. 1991 లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వ్రాయనారంభించిన లినక్సు అనునది సరిగా చెప్పినచో ఈ కెర్నెలే. భాగములను గుర్తించి నడిపించు డ్రైవర్లు దీనిలోనివి. నాలుగవది సేవలు: నెట్‌వర్కు, ముద్రణ, శబ్దము వంటివి. ఐదవ అంతస్తు మనము నిత్యము చూచు అనువర్తనములు, మన సొంత అమరికలు. పై అంతస్తులో నీరు కారుచున్నచో గొట్టము అచ్చటనే పగిలినదని చెప్పలేము. కావున క్రింది నుండి పైకి పరీక్షించుచు పోవలెను.

ఏ అంతస్తులో లోపమున్నదో తేల్చుటకు మూడు పరీక్షలు మిక్కిలి ఉపకరించును.

మొదటిది లైవ్ యు.ఎస్.బి. పరీక్ష. ఉబుంటు, మింట్, డెబియన్ వంటి లినక్సు పంపిణీలను పెన్‌డ్రైవు నుండియే నడుపవచ్చును, డిస్కుపై అమర్చనక్కరలేదు. యంత్రమును అట్లు నడిపినప్పుడు వై-ఫై, శబ్దము, తెర చక్కగా పనిచేసినచో ఆ భాగములు బాగున్నవి. లోపము డిస్కుపై అమర్చిన వ్యవస్థలో ఉన్నది. అప్పుడును అదే లోపము కనబడినచో క్రింది అంతస్తులను అనుమానింపవలెను.

రెండవది కొత్త వాడుకరి పరీక్ష. అదే యంత్రముపై మరొక పేరుతో ఖాతా తెరచి ప్రవేశించి చూడుడు. అచ్చట అంతయు సక్రమముగా నున్నచో వ్యవస్థకు దోషము లేదు. మొదటి ఖాతాలోని అమరిక ఏదియో చెడినది.

మూడవది పాత కెర్నెలు పరీక్ష. నవీకరణ జరిగిన మరునాడు యంత్రము లేవనిచో, ఆరంభమున వచ్చు గ్రబ్ పట్టికలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అను వరుసను ఎన్నుకొనుడు. ఉబుంటు, డెబియన్ వంటివి మునుపటి కెర్నెలును కూడ అచ్చట నిలిపి యుంచును. దానితో యంత్రము లేచినచో దోషము కొత్త కెర్నెలుది. విద్యార్థి ఫైళ్ళకు ఏ హానియు జరుగలేదు.

ఒక్కొక్క పరీక్ష అనుమానపు పరిధిని ఇంచుమించు సగమునకు తగ్గించును. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవాడు, యంత్రము బాగుపడినను ఏ మార్పు వలన బాగుపడినదో ఎరుగడు. మరల చెడినప్పుడు మొదటికి వచ్చును. కావున ఒక మార్పు, ఒక పరీక్ష, ఒక పంక్తి వ్రాత. ఇదియే నియమము.

నిత్యము ఎదురగు చిక్కులు

పాస్‌వర్డు సరియైనదే, అయినను యంత్రము అంగీకరించదు. పాస్‌వర్డు మరచితిమని భయపడక ముందు ప్రవేశ తెర మూలను చూడుడు. కీబోర్డు తెలుగులోనో ఉర్దూలోనో ఉండిపోయినచో, మీరు నొక్కిన ఆంగ్లాక్షరమునకు మారుగా మరొక అక్షరము పడుచుండును. చుక్కలుగా కనబడుట వలన అది తెలియదు. పెద్దక్షరముల మీట వెలుగుచున్నదా అనియు చూడవలెను. రెండు భాషల కళాశాలలో ఇది ఇతర చోట్ల కంటె తరచుగా జరుగును.

పాస్‌వర్డు అంగీకరించినట్లే తోచి, మరల అదే ప్రవేశ తెర వచ్చుచున్నది. డిస్కు నిండినప్పుడు ఇట్లు జరుగుట కలదు. వాడుకరి తాత్కాలిక ఫైళ్ళు వ్రాయుటకు చోటు లేక వ్యవస్థ వెనుకకు పంపును. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కినచో అక్షరములు మాత్రమే గల తెర వచ్చును. అచ్చట ప్రవేశించి డి, ఎఫ్ అను రెండక్షరముల ఆజ్ఞ నిచ్చినచో ఏ భాగము నూటికి ఎంత నిండినదో పట్టిక కనబడును. పెద్ద చలనచిత్ర ఫైళ్ళను, ఎన్నడును ఖాళీ చేయని చెత్తబుట్టను, దింపుకొన్న ప్యాకేజీల పాత ప్రతులను తొలగించినచో సాధారణముగా దారి తెరచుకొనును. తెర బిగుసుకొని మౌసు కదలనప్పుడును ఈ మూడు మీటలే శరణ్యము. దారి తప్పిన అనువర్తనము నొక్కదానిని ఆపవచ్చును గాని, వెంటనే విద్యుత్తును తీసివేయరాదు.

ఇంటర్నెట్టు లేదు. ఈ మాటలో కనీసము నాలుగు వేర్వేరు అర్థములు కలవు. యంత్రము రూటరును చేరలేకపోవచ్చును. రూటరు బయటి లోకమును చేరలేకపోవచ్చును. బయటి లోకమును చేరినను పేర్లను అంకెల చిరునామాలుగా మార్చు డి.ఎన్.ఎస్. సేవ నిలిచిపోవచ్చును, లేదా ఆ ఒక్క వెబ్‌సైటు మాత్రమే నిద్రించుచుండవచ్చును. పింగ్ అను ఆజ్ఞతో మొదట రూటరును, తరువాత బయటి అంకెల చిరునామాను, చివర ఒక పేరును పిలిచి చూడవలెను. అంకెకు పలికి పేరునకు పలుకనిచో రోగము డి.ఎన్.ఎస్. లోనిది. ల్యాప్‌టాపులలో వై-ఫై పూర్తిగా కనబడనప్పుడు విమాన చిహ్నపు మీటను ఎవరైన నొక్కిరేమో చూడుడు. కొన్ని వై-ఫై భాగములకు తయారీదారు ఇచ్చు ఫర్మ్‌వేర్ అవసరము. జూన్ 2023 లో వచ్చిన డెబియన్ 12 నుండి అది అధికారిక అమరిక ప్రతిలోనే చేరుటచే ఈ బాధ చాలవరకు తగ్గినది.

శబ్దము రాదు. వాల్యూము తగ్గియున్నదేమో చూచిన పిదప, శబ్దము ఎటు పోవుచున్నదో చూడవలెను. తరగతి గదిలో ప్రొజెక్టరును తగిలించినప్పుడు, శబ్దము హెచ్.డి.ఎమ్.ఐ. తీగ గుండ ప్రొజెక్టరునకు మరలిపోవుట సాధారణము. అమరికలలో 'అవుట్‌పుట్' అనుచోట స్పీకర్లను ఎన్నుకొనిన చాలును.

ప్రింటరు కదలదు. ముద్రణ సేవ పేరు కప్స్. కాగితము ఇరుకుకొన్నప్పుడో, తీగ ఊడినప్పుడో అది వరుసను నిలిపివేయును. ఆ తరువాత కారణము తొలగినను వరుస నిలిచియే యుండవచ్చును. విద్యార్థులు పదిసార్లు ఆజ్ఞ ఇచ్చి, తుదకు అది తెరచుకొన్నప్పుడు పది ప్రతులు పొందుదురు. ప్రింటరు అమరికలలో వరుసను చూచి, అదనపు ఆజ్ఞలను రద్దు చేసి, తిరిగి ప్రారంభింపవలెను. ప్రింటరునకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఒక స్థానము కలదు. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎమ్.ఐ.టి. ప్రయోగశాలకు వచ్చిన కొత్త జిరాక్స్ లేజర్ ప్రింటరు తరచు ఇరుకుకొనుచుండెను. ఆ సంగతిని వాడువారికి తెలియజేయు సదుపాయమును చేర్చుదమనిన, దాని సాఫ్ట్‌వేర్ మూలము ఇవ్వబడలేదు. ఆ నిరాకరణను ఎదుర్కొన్న రిచర్డ్ స్టాల్‌మన్ 1983 లో గ్నూ ఉద్యమమును ప్రకటించెను. లోపమును చూచు హక్కును, దిద్దు హక్కును వాడువానికి ఉండవలెనను ఆ భావమే నేటి లినక్సు వ్యవస్థకు పునాది. భారత ప్రభుత్వ సంస్థ సి-డాక్ 2007 లో వెలువరించిన బాస్ లినక్సును, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కొరకు హైదరాబాదులో ఆరంభమైన స్వేచ్ఛ ఉద్యమమును ఆ పునాదిపై లేచినవే.

అక్షరములకు వచ్చు రోగములు

మన కళాశాలకు అన్నిటికంటె ముఖ్యమైనది ఈ భాగము. తెరపై అక్షరము చెడినప్పుడు "ఫాంటు లేదు" అని ఒక్క మాటతో సరిపెట్టరాదు. చెడిన తీరును బట్టి కారణము వేరు.

అక్షరములకు మారుగా చతురస్రపు డబ్బాలు కనబడినచో నిజముగనే ఫాంటు లేదు. వాక్యము మాత్రము క్షేమముగా నున్నది. తెలుగునకు లోహిత్, పోతన 2000, మండలి, రామభద్ర, సూరన్న వంటివి, ఉర్దూకు నోటో నస్తలీఖ్ వంటివి ఉచితముగా లభించును. చేర్చి, అనువర్తనమును మూసి మరల తెరువవలెను.

గుణింతపు గుర్తు చుక్కల వలయముపై వ్రేలాడుచున్నచో ఫాంటు దోషము కాదు, వ్రాత దోషము. హల్లు లేకుండ గుర్తు మాత్రమే పడినది, లేదా వరుస తప్పినది. ఆ చోట చెరిపి సరియైన వరుసలో మరల కొట్టవలెను.

తెలుగు వ్యాసమును తెరచినప్పుడు ఆంగ్లాక్షరములు, విరామ చిహ్నములు కలగలిసిన అర్థరహితమైన కూర్పు కనబడినచో, అది యూనికోడ్‌లో కాక అను వంటి పాత ఫాంట్లలో వ్రాసినదై యుండును. ఆ పద్ధతిలో లాటిన్ అక్షరముల సంకేతములపైననే తెలుగు ఆకృతులను పెట్టిరి. ఆ ప్రత్యేక ఫాంటు లేని చోట ముసుగు తొలగి లోని సంకేతములు బయటపడును. దీనికి మందు యూనికోడ్‌లోనికి మార్చుట. మార్చిన పిమ్మట మూలముతో పోల్చి అచ్చుతప్పులు దిద్దుట. మన పాత సంచికల వ్యాసములు ఇట్టి ఫైళ్ళలో నిద్రించుచున్నచో, వానిని ఇప్పుడే మార్చి యుంచుట మేలు. ఆ ఫాంట్లు నడచు యంత్రము ఆగిపోయిన నాడు ఆ రచనలు ఉండియు లేనివే యగును.

ఉర్దూలో మరొక సూక్ష్మ దోషము కలదు. కంటికి పదము సరిగనే యుండును, వెదకినచో దొరకదు. అరబ్బీ కీబోర్డుపై కొట్టిన 'యే', 'కాఫ్' అక్షరములకును, ఉర్దూ కీబోర్డుపై కొట్టిన వానికిని యూనికోడ్‌లో సంకేతములు వేరు. కొన్ని ఫాంట్లలో, పదము నడుమ, రెండును ఒకే రూపున కనబడును గాని యంత్రమునకు అవి వేర్వేరు అక్షరములు. విద్యార్థుల పేర్ల పట్టికను అకారాది క్రమమున అమర్చునప్పుడు ఒక పేరు ఎక్కడనో పడుటకు ఇది కారణము కావచ్చును. అందరును ఒకే ఉర్దూ కీబోర్డును వాడుట నివారణ. నస్తలీఖ్ వరుసల పై భాగములు తెగిపోయినట్లు కనబడినచో, లిబ్రె ఆఫీసులో పంక్తుల ఎడమును స్థిరమైన కొలతగా ఉంచిరేమో చూచి సడలింపవలెను. ఏటవాలుగా దిగు ఆ లిపికి నిలువు చోటు ఎక్కువ కావలెను.

ఈ రెండు లిపులను లినక్సు తెరపై కూర్చు పనిని ప్రధానముగ చేయునది ఒకే సాఫ్ట్‌వేర్. దాని పేరు హర్ఫ్‌బజ్. ఉర్దూ విద్యార్థులకు ఈ పేరు పరిచితముగా వినబడును. 'హర్ఫ్' అనగా అక్షరము. 'బాజ్' అనగా ఫార్సీలో తెరచినది. 'ఓపెన్ టైప్' అను మాటకు ఫార్సీ రూపమది. దీనిని ముఖ్యముగ నిర్మించినవారు ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఇస్ఫహ్‌బోద్. తెలుగు వత్తును హల్లు క్రిందికి దింపుటయు, ఉర్దూ అక్షరమును ప్రక్క అక్షరముతో అల్లుటయు దాని పనియే. ఇట్టి పని ఎంత సున్నితమైనదో ఫిబ్రవరి 2018 లో లోకమునకు తెలిసినది. జ, ఞ కలిసిన ఒక తెలుగు సంయుక్తాక్షరము, నడుమ కంటికి కనబడని ఒక గుర్తుతో వచ్చినప్పుడు, ఆపిల్ వారి ఐఫోన్లలో సందేశముల అనువర్తనములు కుప్పకూలినవి. అదే నెలలో ఆ సంస్థ దిద్దుబాటును విడుదల చేసినది. ఒక్క తెలుగు అక్షరమును సరిగా పరీక్షింపనందున ప్రపంచమంతట ఫోన్లు మూగపోయినవి. మన భాషలను యంత్రముపై వాడి, లోపమును కనిపెట్టి, తెలియజేయువారు ఉండవలెననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

గాలి, వాన, విద్యుత్తు

నెల్లూరు తీరమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల కాలము. నవంబరు 2015 నాటి వరదలు, డిసెంబరు 2023 లో వచ్చిన మిచౌంగ్ తుపాను వానలు అందరికిని జ్ఞాపకమే. ఈ కాలమున విద్యుత్తు హఠాత్తుగా పోవుటయు, వచ్చి మరల పోవుటయు సామాన్యము. వ్రాయుచున్న నడుమ విద్యుత్తు పోయినచో డిస్కుపైని ఫైళ్ళ పట్టిక అసంపూర్ణముగా నిలుచును. లినక్సులో వాడుకలోనున్న ఎక్స్‌ట్4 పద్ధతి తన మార్పులను ముందుగా ఒక చిట్టాలో వ్రాసికొనుటచే చాలవరకు తానే కోలుకొనును. కోలుకొనలేనప్పుడు నల్లని తెరపై ఎఫ్.ఎస్.సి.కె. అను పరీక్షను నడుపుమని సందేశము వచ్చును. అది మరణవార్త కాదు. ఆ సందేశములోనే చేయవలసినది ఉండును. అయితే డిస్కు నుండి టకటక శబ్దము వచ్చుచున్నను, చదువలేకపోతినను సందేశములు మరల మరల వచ్చుచున్నను మరమ్మతు ప్రయత్నము మానవలెను. లైవ్ యు.ఎస్.బి. తో యంత్రమును నడిపి, మొదట ఫైళ్ళను బయటికి తీసికొనవలెను. చికిత్స కంటె ప్రాణరక్షణ ముందు.

ఉప్పు గాలి, తేమ లోహపు అంచులను తినివేయును. యంత్రము ఆరంభమున బీప్ శబ్దములు చేసి ఆగిపోయినచో మెమరీ పలక అంచును అనుమానింపవలెను. తీగను గోడ నుండి ఊడదీసి, ఇనుప పెట్టెను తాకి చేతిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకొని, పలకను తీసి, అంచును మెత్తని రబ్బరుతో సున్నితముగా తుడిచి, పొడిని తొలగించి, మరల గట్టిగా అమర్చవలెను. అప్పటికిని యంత్రము ఊరక ఆగిపోవుచున్నచో మెమ్‌టెస్ట్ అను పరీక్షను రాత్రియంతయు నడిపినచో పలక మంచిదో కాదో తేలును. సెలవులలో వారమునకొకసారి యంత్రములను కొంతసేపు నడుపుట తేమకు మంచి విరుగుడు.

విద్యార్థులకు ఒక హెచ్చరిక

సహాయము అడుగుట తప్పు కాదు. అడుగుటకు ఒక మర్యాద కలదు. "పనిచేయుట లేదు" అనినచో ఎవరును ఏమియు చెప్పలేరు. ఏ యంత్రము, ఏ పంపిణీ, ఎన్నవ సంచిక; ఏమి చేయబోతిరి; ఏమి జరుగవలెను; ఏమి జరిగినది; తెరపై ఉన్న మాటలు యథాతథముగా ఏమి; చివరిసారి బాగుగా నున్నప్పటి నుండి ఏమి మార్చితిరి: ఇవి చెప్పినచో సగము జవాబు మీకే దొరకును. ఎవరో ఇచ్చిన ఆజ్ఞను, ముఖ్యముగ సర్వాధికారముతో నడుచు సుడో ఆజ్ఞను, అర్థము తెలియక కొట్టరాదు. లినక్సు తన యజమాని మాటను ప్రశ్నింపక పాటించును, తుడిచివేయుమనిన తుడిచివేయును. నేడు కృత్రిమ మేధ చెప్పు సలహాలకును ఇదే నియమము: ప్రతిపదార్థము తెలిసిన పిదపనే ఆచరణ.

పాలక వర్గమునకు విన్నపము

పాత యంత్రములన్నియు లినక్సుతో బ్రతుకునని మేము చెప్పము. 32 బిట్ల ప్రాసెసరుగల మరీ పాత వానికి దారి ఇరుకైనది. ఆగస్టు 2025 లో వచ్చిన డెబియన్ 13 వానిపై అమర్చుటకు వీలు కల్పింపలేదు. టాలీ, ఇన్‌పేజ్, అను వంటివి విండోస్ కొరకు చేసినవి. లెక్కల కార్యాలయమునకు అట్టి యంత్రము ఒకటో రెండో ఉండక తప్పదు. కాని వ్యాసము వ్రాయుటకు, పాఠము చదువుటకు, ప్రోగ్రాములు నేర్చుటకు, రెండు లిపులలో సంచికను కూర్చుటకు 64 బిట్ల యంత్రము, నాలుగు జి.బి. మెమరీ ఉన్నచో తేలికయైన లినక్సు పంపిణీతో పని జరుగును. తిరుగుడు డిస్కునకు మారుగా చిన్న ఎస్.ఎస్.డి. ని అమర్చినచో వేగము కంటికి కనబడునంతగా పెరుగును. దానితో పాటు యు.పి.ఎస్. లు, రెండు లైవ్ పెన్‌డ్రైవులు, పది నాణెపు బ్యాటరీలు, ఫైళ్ళ ప్రతులకు వేర్వేరు చోట్ల ఉంచు రెండు బయటి డిస్కులు కావలెను. ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వుటకు పూనుకొనుట కంటె ఈ వ్యయము స్వల్పము.

అన్నిటికంటె చౌకయైనది ఒక పుస్తకము. ప్రతి యంత్రమునకు ఒక సంఖ్య నిచ్చి, గీతలు గీసిన లావుపాటి నోటు పుస్తకమును ప్రయోగశాల తలుపు దగ్గర ఉంచుడు. తేదీ, లక్షణము, తెరపైని సందేశము, చేసిన మార్పు, కలిగిన ఫలితము అను ఐదు గడులు అందుండవలెను. నేడు ఒక విద్యార్థిని గంటసేపు వెదకి కనుగొన్న కారణమును, వచ్చు సంవత్సరము మరొక విద్యార్థి ఐదు నిమిషములలో చదివి తెలిసికొనును. రెండు సంవత్సరములు అట్లు వ్రాసినచో, ఏ యంత్రమునకు నిజముగా కాలము తీరినదో, ఏది ఒక చిన్న బిళ్ళ కొరకు ఎదురుచూచుచున్నదో ఆ పుటలే చెప్పును. అమ్మవలసిన వాని పట్టికను ఆ పుస్తకమును చూచి వ్రాయుడని పాలక వర్గము వారిని ప్రార్థించుచున్నాము.